లంక చుట్టకు రుచి చూసేవారిని ఎంచుకోవడం, తీర్చిదిద్దడం

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువ నీరు అందిన డెల్టా భూములు వరికి పోయాయి గాని, వరద వచ్చినప్పుడల్లా మునిగి తేలే లంకలు మాత్రం కూరగాయలకూ పొగాకుకూ మిగిలాయి. కొత్త ఒండ్రు పడే ఆ నేలలో, వరద తీశాక నాటి, ఎండలు ముదరక ముందే కోసే ఆకునే మనం లంక పొగాకు అంటున్నాం. బ్రిటిషు వారి కాలంలో మద్రాసు రాజధానిలో 'లంక' అనే మాటకు గోదావరి లంకల ఆకుతో చుట్టిన ఘాటైన చుట్ట అనే అర్థమూ ఉండేది. తిరుచిరాపల్లి చుట్టల్లోకీ ఈ ఆకు వెళ్ళింది. ఇంత పేరున్న ఆకు చేతిలో ఉండి కూడా, దాని రుచిని నిలకడగా చెప్పగలవారిని పద్ధతిగా తయారుచేసుకునే అలవాటు మన వైపు తక్కువ. చుట్టలు తయారుచేయించేవారికి ఆ పద్ధతి తెలియాలన్న కోరికతో, ఇన్నేళ్ళుగా నేను చేస్తూ దిద్దుకుంటూ వచ్చిన క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ఆకు కొనేటప్పుడు ఒక అనుభవజ్ఞుడు మండెలోంచి, అంటే మగ్గడానికి ఆకును పేర్చిన కుప్పలోంచి, గుప్పెడు ఆకు లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని ధర చెప్పేస్తాడు. కొనుగోలుకు ఆ ఒక్క ముక్కు చాలు. కాని, నిరుడు సంక్రాంతికి అమ్మిన చుట్టా ఈ ఏడు దసరాకు అమ్మబోయే చుట్టా ఒకే తీరుగా ఉన్నాయో లేదో చెప్పడానికి ఒక్కరి మాట చాలదు. ఆయనకు జలుబు చేసిన రోజున సరుకంతా చప్పబడిపోతుంది. హవానా కర్మాగారాల్లో ఇందుకోసమే పనివారిలోంచి కొందరిని ఎంచి రుచి బృందంగా ఏర్పరుస్తారు. వారు చుట్ట మీది పట్టీ లేకుండా, ఏ రకమో తెలియకుండా కాల్చి, ఎవరి మార్కులు వారు వేస్తారు. చుట్టనంతా కాల్చరు, మొదటి భాగం చూసి పక్కన పెట్టి, పంచదార లేని టీతో నోరు శుభ్రం చేసుకుని తరువాతి దానికి వెళతారు. మనకు ఎనిమిది నుంచి పది మంది ఉంటే సరిపోతుంది. అంతమంది మిగలాలంటే పాతికమందిని పరీక్షించవలసి వస్తుంది.

ఎవరిని పిలవకూడదో ముందు నిశ్చయించుకోవాలి. చుట్ట పొగ నోటి క్యాన్సరుకు కారణమవుతుందనడంలో సందేహం లేదు కనుక, పొగ తాగే అలవాటు లేని మనిషిని ఈ పనికి కొత్తగా దించడం తప్పు. జీతం ఎంత ఇచ్చినా తప్పే. పద్దెనిమిదేళ్ళు నిండనివారికి పొగాకు అమ్మడాన్నే 2003 నాటి చట్టం నిషేధించింది. నేనైతే ముప్పై ఏళ్ళలోపు వారిని పిలవను. గర్భిణులను, గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారిని, నోట్లో తెల్లని లేదా ఎర్రని మచ్చలు ఉన్నవారిని తీసుకోకూడదు. చేరే ముందు ప్రతి ఒక్కరికీ దంతవైద్యుని చేత నోటి పరీక్ష చేయించాలి. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉన్నవారు వస్తే వారిని నేరుగా వైద్యుని దగ్గరకు పంపాలి. వారి అంగిలి ఏళ్ళ తరబడి వేడికి కాలి ఉంటుంది. రుచి తెలియకపోవడం అందులో చిన్న సంగతి, అంగిలికి క్యాన్సరు వచ్చే ప్రమాదం అసలు సంగతి. గుట్కా, ఖైనీ వాడేవారికీ, రోజంతా సున్నం దట్టించి తాంబూలం వేసేవారికీ నాలుక మొద్దుబారి ఉంటుంది కాబట్టి వారూ పనికిరారు.

పొగ తాగనివారిని పూర్తిగా వదులుకోనక్కరలేదు. ఆకు ఏరే ఆడవారిలో కొందరి ముక్కు నేను చూసిన చుట్టరాయుళ్ళందరి ముక్కుకంటే చురుకైనది. అందుకే బృందాన్ని రెండుగా చేయాలి. ఆకును చూసి, తాకి, వాసన చూసి తీర్పు చెప్పే బల్ల ఒకటి. చుట్ట కాల్చి చెప్పే బల్ల మరొకటి. మొదటి బల్ల వద్ద పొగ ఉండదు. ఉతికిన బట్ట మీద పరిచిన ఆకు, కిటికీ వెలుతురు ఉంటే చాలు. మండెలో సరిగా మగ్గని ఆకుకు పశువుల కొట్టంలో ఉండే అమోనియా ఘాటు అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ దోషాన్ని మొదటి బల్ల వారు పట్టేస్తే, రెండో బల్ల వారి నోటికి ఆ చుట్ట చేరనే చేరదు. తయారుచేసేవారు ఈ మొదటి బల్లకు ఎంత ప్రాధాన్యం ఇస్తే రెండో బల్ల వారు అంత తక్కువ పొగ మింగుతారు.

ఎంపికలో మొదటి పరీక్షకు పొగాకుతో పని లేదు. లీటరు మంచినీటిలో 16 గ్రాముల పంచదార, మరో లీటరులో 5 గ్రాముల ఉప్పు, ఇంకొక దానిలో 1 గ్రాము నిమ్మ ఉప్పు, వేరొక దానిలో అర గ్రాము కెఫీన్ కలిపి, అంకెలు రాసిన గ్లాసుల్లో పోసి, మధ్యలో రెండు గ్లాసులు వట్టి నీరు కూడా ఉంచి వరుసగా ఇవ్వాలి. తీపి, ఉప్పు చాలామంది పట్టుకుంటారు. వట్టి నీటికి కూడా ఏదో ఒక రుచి అంటగట్టేవారిని గమనించాలి. 'ఏమీ లేదు' అని రాయగల ధైర్యం ఈ పనిలో చాలా అవసరం. వీటికి తోడు మరో గ్లాసులో కరక్కాయ నానబెట్టి వడగట్టిన నీరు ఇవ్వడం నా పద్ధతి. అది వగరు. వగరునూ చేదునూ కలిపేసి రాయడమే కొత్తవారు చేసే తప్పులన్నిటిలోకీ పెద్దది. చేదు నాలుకకు తెలిసే రుచి. వగరు నోటి లోపలి చర్మం బిగుసుకుని, బుగ్గలు పళ్ళకు అంటుకున్నట్టు అనిపించే స్పర్శ. చుట్టలో ఈ రెండూ వేరు వేరు చోట్ల నుంచి రావచ్చు కనుక, రెండిటినీ విడదీయలేని మనిషి రాసిన కాగితం చూసి ఆకు కలిపేవాడు ఏమి దిద్దుకోవాలో తేల్చుకోలేడు. పచ్చి అరటికాయ ముక్క ఒకటి, కాకరకాయ ముక్క ఒకటి పక్కపక్కన పెట్టి నమలమంటే చాలామందికి ఒక్క పూటలో ఈ తేడా బోధపడుతుంది.

రెండో పరీక్ష వాసనలది. రంగు సీసాల్లో దూది పెట్టి, లోపలి వస్తువు కనబడకుండా చేసి పది వాసనలు సిద్ధం చేయాలి. లవంగం, మిరియాలు, కాఫీ పొడి, తాటిబెల్లం, ఎండుగడ్డి, తడిసిన గోనె, వేయించిన మినపపప్పు, కాల్చిన కొబ్బరి చిప్ప, చెప్పుల తోలు, వాన పడిన మట్టి అని నేను పెడతాను. సరిగ్గా పేరు చెబితే 3 మార్కులు, 'ఏదో మసాలా దినుసు' అని జాతి చెబితే 2, అందరూ మాట్లాడుకున్నాక గుర్తుపడితే 1 మార్కు వేయాలి. నూటికి 65 దాటినవారిని మూడో పరీక్షకు పిలవాలి. ఇక్కడ పేరు గుర్తుకు రాక తడబడేవారిని తొందరపడి తీసివేయకూడదు. ముక్కు బాగానే ఉండి మాట అందనివారు శిక్షణలో త్వరగా పైకి వస్తారు, మాట ఉండి ముక్కు లేనివారు ఎన్నటికీ రారు.

మూడోది ముక్కోణ పరీక్ష. మూడు గ్లాసుల్లో రెండు ఒకటే, ఒకటి వేరు. ఆ వేరైన దాన్ని చూపించాలి. మొదట పంచదార లేని టీని రెండు డికాక్షన్లుగా కాచి దానితో చేయించాలి, ఆపైన పొడి ఆకు వాసనతో చేయించాలి. పొగాకు నానబెట్టిన నీటిని ఎట్టి పరిస్థితిలోనూ రుచి చూపించకూడదు, అది విషం. ఇలా పన్నెండు సార్లు చేయించినప్పుడు ఏమీ తెలియని మనిషి కూడా అదృష్టం మీద సగటున నాలుగు సార్లు సరిగ్గా చెబుతాడు. ఏడు గాని అంతకు పైగా గాని చెప్పే అవకాశం వందలో ఆరేడుగురికి ఉంటుంది. ఎనిమిది గాని అంతకు పైగా గాని అయితే ఇద్దరికి మించి ఉండదు. అందుకే పన్నెండులో ఎనిమిదిని గీతగా పెట్టుకోవాలి. ఏడు వచ్చినవారిని మరో రోజు మళ్ళీ కూర్చోబెట్టవచ్చు గాని, బంధువనో పెద్దవాడనో గీతను కిందికి జరపకూడదు.

శిక్షణ మొదలుపెట్టే ముందు నమూనాలను భద్రపరిచే పని ఉంది. మన డెల్టాలో ఇది తేలిక కాదు. శ్రావణ భాద్రపదాల్లో బయట పెట్టిన చుట్ట తేమ పీల్చి ఉబ్బి, లాగినా పొగ రానంత బిగుసుకుపోతుంది. అదే చుట్ట రోహిణి కార్తెలో పై ఆకు చిట్లి, కారంగా కాలుతుంది. రుచి చూసేవారు రాసిన దోషాల్లో చాలా భాగం నిజానికి గాలిలోని తేమ చేసిన దోషాలే. కాబట్టి పరీక్షకు కనీసం రెండు వారాల ముందు చుట్టలన్నిటినీ మూత బిగుతుగా ఉన్న పెట్టెలో 65 నుంచి 70 శాతం తేమలో ఉంచాలి. తేమ కొలిచే మీటరు నిజం చెబుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దగా తడిసేటంత నీరు మాత్రమే చేర్చి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో ఒక రోజంతా ఉంచాలి. అది 75 శాతం చూపించాలి. 70 చూపిస్తే ఆ మీటరు అయిదు తక్కువ చెబుతోందని పెట్టె మీద రాసి పెట్టుకోవాలి.

కూర్చునే వేళ ఉదయం తొమ్మిది, పదకొండు గంటల మధ్య. ఆ పూట అల్లప్పచ్చడి, ఆవకాయ, కాఫీ మానేయాలి. తలకు సువాసన నూనె, జడలో మల్లెపూలు, గదిలో అగరువత్తి ఉండకూడదు. గదికి గాలి ధారాళంగా రావాలి, కాని ముఖం మీదికి పంకా తిరగకూడదు. ఒకరి కాగితం ఒకరికి కనబడకుండా మధ్యలో అట్టలు నిలబెట్టాలి. చుట్టలన్నీ ఒకే పొడవువి కావాలి. మూడంకెల సంఖ్య తప్ప వాటి మీద ఏమీ ఉండకూడదు. పై ఆకు నల్లగా ఉంటే ఘాటు ఎక్కువని కన్ను ముందే తీర్పు చెప్పేస్తుంది కనుక, కాగితపు తొడుగు వేసి ఇవ్వడం మంచిది. అగ్గిపుల్ల గంధకం పూర్తిగా కాలిన తరువాతే చుట్టకు అంటించాలి. నిమిషానికి ఒక దమ్ము, అదీ నోటి వరకే; ఊపిరితిత్తుల్లోకి పీల్చకూడదు. నీడన ఆరిన ఆకు పొగకు క్షార గుణం ఎక్కువ కాబట్టి నికోటిన్ నోటి చర్మం గుండానే ఒంట్లోకి చేరుతుంది. దమ్ములు తొందరపడితే తల తిరిగి చెమట పడుతుంది, వాంతి అవుతుంది. రెండు మూడు సెంటీమీటర్లు కాలగానే పక్కన పెట్టేయాలి. మధ్యలో అరగంట విరామం ఇచ్చి, పలుచని టీతో పుక్కిలింపజేసి, ఉప్పు లేని మరమరాలు ఇవ్వాలి. రోజుకు మూడు చుట్టలు, వారానికి రెండు రోజులు. అంతకు మించితే నాలుకా చెప్పదు, ఆరోగ్యమూ నిలవదు.

ఇక్కడ ఒక అనుభవం చెప్పాలి. మా తొలి బృందంలో ఊరంతా గౌరవించే ఒక పెద్దాయన ఉండేవారు. ఒక రోజు ఒకే కట్టలోని చుట్టలను రెండు సంఖ్యలతో ఇచ్చాను. కాగితాలు చూశాక ఆయన దగ్గరకు వెళ్ళి, "బాబాయి గారూ, 417కి ఎనిమిది వేశారు, 862కి అయిదే వేశారు. అవి రెండూ ఒకే కట్టలోవండి" అన్నాను. "అబ్బే, మొదటిది కమ్మగా ఉంది బాబూ, రెండోది చేదెక్కింది" అన్నారాయన, ఏమాత్రం తడుముకోకుండా. వారం తిరిగాక సంఖ్యలు తారుమారు చేసి ఇచ్చాను. మళ్ళీ మొదట వచ్చినదానికే ఎనిమిది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసి, "ఆయ్, అయితే తేడా చుట్టలో లేదన్నమాట, నా నోట్లో ఉంది" అన్నారు. ఆ మాట అనగలిగినందుకే ఆయనను నేను వదులుకోలేదు. ఆ రోజు నుంచి ప్రతి కూర్చోబాటుకూ ముందు అందరికీ మార్కులు వేయని చుట్టతో నాలుగు దమ్ములు ఇప్పించి, నోరు కుదుటపడ్డాకే అసలు నమూనా ఇస్తున్నాను. అసలు నమూనాల వరుసను కూడా ఒక్కొక్కరికి ఒక్కో విధంగా మారుస్తున్నాను. ఆయన ఆ తరువాత నాలుగేళ్ళ పాటు ఒకే చుట్టకు ఎప్పుడిచ్చినా ఒక మార్కుకు మించి తేడా లేకుండా వేశారు.

శిక్షణలో సగం కాలం మాటల మీదే పోతుంది, పోవాలి కూడా. కాగితం మీద 'బాగుంది', 'కమ్మగా ఉంది', 'పర్వాలేదు' అనే మాటలను మొదటి రోజే నిషేధించాలి. అవి రాసినవారి ఇష్టాన్ని చెబుతాయి గాని చుట్ట సంగతి చెప్పవు. ప్రతి మాటకూ ఒక వస్తువు సాక్ష్యంగా ఉండాలి. ఒకరు 'బెల్లం వాసన' అంటే చెరకు బెల్లమా, తాటిబెల్లమా అని అడిగి, రెండు సీసాలూ ముందు పెట్టి ఒకదానిని తేల్చాలి. పరాయి దేశాల వారు దేవదారు, కోకో, చెర్రీ అని రాస్తారని మనవారూ అవే మాటలు రాయడం నాకు నచ్చదు; చెర్రీ పండు తిని ఎరుగని మనిషి ఆ మాట రాస్తే పక్క మనిషికి అది దేనినీ చూపించదు. మన వంటింట్లో, కళ్ళంలో, ఏటి ఒడ్డున ఉన్న వాసనలతోనే ముప్పై మాటలు కుదురుతాయి. నెల తిరిగేసరికి అందరూ ఒకే వాసనకు ఒకే మాట వాడుతున్నారంటే బృందం ఏర్పడినట్టే.

ఘాటు విషయంలో విడిగా రెండు మూడు వారాలు పట్టాలి. మన వాడుకలో ఘాటు అన్న మాట మూడు సంగతులను మోస్తోంది. గొంతులో గుచ్చుకునే కారం ఒకటి, నోరంతా నిండినట్టు అనిపించే చిక్కదనం ఒకటి, కాసేపటికి తలకూ కడుపుకూ తెలిసే నికోటిన్ బలం ఒకటి. మూడిటికీ మూడు గళ్ళు గీసి ఇవ్వాలి. క్యూబాలో మొక్క అడుగు ఆకును వొలాడో అని, నడిమి ఆకును సెకో అని, ఎక్కువ ఎండ తగిలిన పై ఆకును లిగేరో అని వేరుచేసి, కాలడానికి మొదటిదాన్నీ, పరిమళానికి రెండోదాన్నీ, బలానికి మూడోదాన్నీ వాడి కలుపుతారు. మన లంక ఆకును కూడా అడుగు, నడిమి, పై ఆకులుగా విడదీసి, ఒక్కో ఆకుతోనే సన్నని చుట్టలు చుట్టించి వేరు వేరు రోజుల్లో ఇస్తే బలం ఎక్కడ నుంచి వస్తుందో, పరిమళం ఎక్కడ నుంచి వస్తుందో నాలుకకే తెలిసిపోతుంది. ఈ గళ్ళలో ఏది ఎంత ఉందో రాయించాలి గాని, ఘాటుకు మార్కులు వేయించకూడదు. అది చుట్ట స్వభావం, దాని మంచి చెడ్డలతో సంబంధం లేదు. ఘాటైన చుట్టే గొప్పదన్న మన వైపు అభిమానం కాగితం మీదికి ఎక్కకుండా ఆపే దారి ఇదొక్కటే.

కాలుదలను నేర్పడానికి చుట్ట కూడా అక్కరలేదు. ఈనె తీసిన ఆకులోంచి రెండు వేళ్ళ వెడల్పు ముక్క చించి, అంచును నిప్పుకు తాకించి మంటను ఊది ఆర్పేయాలి. మంచి ఆకులో ఎర్రని నిప్పు గీత సన్నని దారంలా, ఈనెల వెంట నెమ్మదిగా పాకుతూ పోతుంది. దాని వెనుక బూడిద తెల్లగా, ఆకు ఆకారం చెడకుండా నిలుస్తుంది. ఉప్పు నీరు తాగిన ఆకులో నిప్పు నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపే నల్లబడి చచ్చిపోతుంది, బూడిద మసిలా రాలుతుంది. ఆకులో క్లోరైడు 2 శాతం దాటితే కాలుదల బాగా దెబ్బతింటుంది. పొటాషు తగినంత ఉంటే కాలుదల మెరుగవుతుంది. సముద్రానికి దగ్గరైన దిగువ భూముల్లో, ఉప్పదనం ఉన్న బోరు నీటితో పెంచిన ఆకులో ఈ దోషం ఎక్కువ. పై లంకల ఆకునూ దిగువ ఆకునూ ఇలా పక్కపక్కన కాల్చి చూపించినవారు ఆ తేడాను మరచిపోరు. లాగుడు నేర్పడానికి ఒకే ఆకుతో వదులుగా, సరిగా, బిగుతుగా మూడు చుట్టలు చుట్టించి, వెలిగించకుండానే గాలి లాగి చూడమంటే చాలు.

మార్కుల కాగితాన్ని నేను ఇలా పంచుకున్నాను: చూపుకు, చుట్టిన తీరుకు 10, లాగుడుకు 20, కాలుదలకు 15, పరిమళానికి 20, రుచికి 25, దమ్ము వదిలాక నోట్లో మిగిలే రుచికి 10. ఎవరి సరుకును బట్టి వారు దీనిని మార్చుకోవచ్చు. కాని, ఒకసారి నిర్ణయించాక ఏడాది పాటు ముట్టుకోకూడదు. శిక్షణలో కాగితాలు పూర్తయ్యాక చర్చించుకోవచ్చు. అసలు తీర్పు రోజున మాత్రం కాగితాలు చేతికి వచ్చేవరకు ఎవరూ నోరు విప్పకూడదు, ముఖం చిట్లించకూడదు. చివరి మార్కుగా సగటును తీసుకోవడం కంటే, అందరి మార్కులనూ వరుసలో పేర్చి నడిమిదాన్ని తీసుకోవడం మేలు. ఒక్కరి పొరపాటు అందరి తీర్పును లాగేయకుండా ఉంటుంది.

బృందం తయారయ్యాక కూడా ప్రతి కూర్చోబాటులో ఒక నమూనాను రెండు సంఖ్యలతో దాచి ఇవ్వడం మానకూడదు. ఎవరికైనా వరుసగా మూడు సార్లు పదికి రెండు మార్కులకు మించి తేడా వస్తే, వారిని తప్పుపట్టకుండా ముందు ఒంట్లో బాగుందా అని అడగాలి. జలుబు, కోవిడ్, పంటి మందులు, కొత్తగా కట్టించుకున్న పళ్ళు, ఇంట్లో దిగులు, ఇవన్నీ నాలుకను మారుస్తాయి. మూడు నెలలకోసారి ముక్కోణ పరీక్ష, ఆరు నెలలకోసారి నోటి పరీక్ష తప్పకుండా జరగాలి. పొగ మానేయాలనుకున్నవారిని ఆ రోజే అదే జీతంతో ఆకు బల్లకు మార్చాలి. ఈ షరతును చేరేనాడే రాసి ఇవ్వాలి. రాసి ఇవ్వని చోట మనుషులు జీతం పోతుందన్న భయంతో దగ్గును దాచుకుని కాలుస్తారు. అటువంటిది ఒకచోట నా కళ్ళతో చూశాక ఈ షరతు లేకుండా నేను ఏ బృందాన్నీ మొదలుపెట్టలేదు.

వరద వచ్చిన ప్రతిసారీ లంకల మీద పడే ఒండ్రు వేరు, ఆకు వేరు. అందుచేత ఏటి సరుకులోంచి యాభై చుట్టలను గీటురాయి నమూనాలుగా తీసి, ఏ లంక ఆకో, ఏ నెలలో చుట్టారో రాసి, ఆనాటి మార్కుల కాగితాలతో సహా పెట్టెలో దాచాలి. మరుసటి ఏడు కొత్త సరుకు వచ్చినప్పుడు మార్కులు వేయని ఆ మొదటి నాలుగు దమ్ములకు నిరుటి చుట్టనే వెలిగించాలి.